డాబా చల్లబడ్డాక

మార్చి 5

మా పిచ్చుకకి,

ఉత్తరం రాయడం లేదని అలిగావని నీ కార్డు చూడగానే తెలిసిపోయింది. అన్నాచెల్లెళ్ళిద్దరికీ అలగడం పుట్టుకతో వచ్చిన విద్య, నువ్వొక్కదానివే ఎందుకు వదులుకుంటావులే. ఆలస్యానికి కారణం చెప్తాను, నమ్మితే నమ్ము. కాగితం మీద చేయి ఆనిస్తే చెమటకి సిరా అలుక్కుపోతోంది. ఇది మూడో కాగితం.

ఎండలు ఇంకా ముదరనే లేదు, అప్పుడే మన శ్లాబు మొదలుపెట్టింది. పగలంతా ఎండ తాగుతుంది, దీపాలు పెట్టే వేళకి ఆ తాగిందంతా మా నెత్తిన కక్కుతుంది. పై అంతస్తు ధర తక్కువని ఆనాడు మురిసిపోయి కొన్నాం చూడు, దాని ఫలితం ఇది. పగలు పడకగదిలో అడుగు పెట్టే పనే లేదు. మంచం మీద చేయి వేస్తే జ్వరం వచ్చిన మనిషిని ముట్టుకున్నట్టు ఉంటుంది. మధ్యాహ్నమంతా వంటింటి గుమ్మంలో తడిగుడ్డ మెడకి చుట్టుకుని కూర్చుంటాను. కూలరు పాపం తన పని తను చేస్తుంది, వేడిగాలిని గదంతా సమానంగా పంచిపెడుతుంది. కరెంటు మీటరు మాత్రం ఎవరో తరుముతున్నట్టు పరుగెడుతుంది.

మీ అన్నయ్యకి ఇవేవీ పట్టవు. బళ్ళ లైబ్రరీల పుస్తకాలన్నీ ఈ నెలలోనే బైండింగుకి వస్తాయి కదా. పొద్దున్నే డాబా మీద రేకుల గదిలోకి వెళ్ళి కూర్చుంటే కుట్టడమూ, జిగురు పూయడమూ, అట్టలు ఎండబెట్టడమూ. సాయంత్రం దిగి వచ్చేసరికి మొహం కందిపోయి ఉంటుంది. ఏమైనా అంటే, "ఎండ లేకపోతే జిగురెట్లా ఎండుతుందే?" అంటారు. మనిషి ఎండినా పరవాలేదు, జిగురు ఎండితే చాలు.

నా మోకాళ్ళ సంగతి నీకు తెలుసు. ఆ మెట్లు ఎక్కి ఏళ్ళయింది. ఆయన పైన, నేను కింద, మధ్యలో శ్లాబు. నువ్వు చిన్నప్పుడు నేర్చుకున్న మా టెలిగ్రాములో మార్పేమీ లేదు. నేను బూజుకర్రతో కప్పు మీద రెండు కొడితే టీ, మూడు కొడితే భోజనం. ఆయన సుత్తితో ఒకటి కొడితే విన్నానని. ఒక్కోసారి ఏ పనీ లేకుండా ఊరికే ఒకటి కొడతారు, ఉన్నావా అని. నేనూ ఒకటి కొడతాను, ఉన్నానని. ఎక్కడికి పోతాను? కర్ర తగిలీ తగిలీ వంటింటి కప్పు మీద నల్లటి మచ్చ పడింది. మొన్న సున్నం వేయడానికి వచ్చిన మనిషి తలెత్తి చూసి, "ఇక్కడేం జరిగిందమ్మా?" అన్నాడు. కాపురం అన్నాను.

నువ్వు వేళకి తింటున్నావా? చలి గదుల్లో తిరిగేటప్పుడు చెవులకి గుడ్డ కట్టుకో.

నీ వదిన

*

మార్చి 14

వదినా,

నీ ఉత్తరం ఎక్కడ చదివానో తెలుసా? రెండు డిగ్రీల చలిగదిలో, రెండు స్వెట్టర్లు వేసుకుని, బంగాళాదుంపల బస్తా మీద కూర్చుని. బయట మీలాగే మాకూ ఎండ మండిపోతోంది. తలుపుకి ఇవతల చలి, అవతల నిప్పులు. మధ్యలో ఉన్నదేమిటి? జానెడు మందం బోర్డులు. గట్టి థర్మోకోలు లాంటివి. కోల్డ్ స్టోరేజీ అంటే అదేదో బ్రహ్మవిద్య అనుకుంటారు కానీ, సగం పని ఆ బోర్డులదే. వేడి వచ్చే దారి మూసేయడమే. మిషను తర్వాతి సంగతి.

నీ ఉత్తరం చదువుతుంటే నాకు సిగ్గేసింది. ఊళ్ళో వాళ్ళ ఉల్లిపాయలూ బంగాళాదుంపలూ వాడిపోకుండా కాపలా కాసే ఉద్యోగం నాది. నన్ను పెంచిన వదిన తడిగుడ్డ మెడకి చుట్టుకుని గుమ్మంలో కూర్చుంటోంది.

కాబట్టి విను. మాకు కొత్త గది కట్టగా బోర్డులు మిగిలాయి. ఒక్క గీత కూడా పడనివి. మేనేజరు నా పేర రాసి ఇచ్చేశాడు. మీ వైపు సరుకు తెచ్చే లారీ డ్రైవరు నాకు తెలిసినవాడే. మేస్త్రీని మీరు చూసుకోండి, పని నేను రాసి పంపుతాను. ముందు శ్లాబుకి నీరు దిగని పూత, దాని మీద బోర్డులు సందు లేకుండా, వాటి మీద ఒక పట్టా, ఆపైన పలచగా కాంక్రీటు, చివరికి తెల్లరంగు. ఇంతే. పడకగదిలో పగలు పడుకోగలవు. కూలరు కట్టేసి ఫ్యాను వేసుకుంటే సరిపోతుంది.

నిన్న ఇక్కడ పెద్ద గోల జరిగింది. బస్తాలు మోసే ఆయన లోపల ఉండగానే తలుపు వేసేశారు. లోపల గంట మీట ఉంటుంది కాబట్టి బతికిపోయాడు. చీకట్లో మీట దొరికేదాకా పిడికిళ్ళతో తలుపు బాదాడట, చేతులు వాచిపోయాయి. అవతల అడుగు దూరంలో నేనే నిలబడి ఉన్నాను. నాకు కొంచెం చప్పుడు కూడా వినిపించలేదు. ఆ బోర్డులు అంతే, వేడినీ రానివ్వవు, చప్పుడునీ రానివ్వవు. బయటికి వచ్చి ముందు టీ అడిగాడు, తాగాక తీరిగ్గా నన్ను తిట్టాడు. పడ్డాను.

అన్నయ్యని అడిగి, ఏమన్నాడో ఉన్నదున్నట్టు వెంటనే రాయి. బేరం పెట్టొద్దను.

పిచ్చుక

*

మార్చి 23

పిచ్చుకా,

నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. వద్దన్నారు.

ఏమన్నారో ఉన్నదున్నట్టు రాయమన్నావు కనక రాస్తున్నాను. అట్టకి గుడ్డ అంటిస్తూ, తలెత్తకుండానే, "ఇప్పుడవన్నీ ఎందుకు? దాని పని దాన్ని చూసుకోమను" అన్నారు. నేను ఊరుకోలేదు. "పిల్ల అంత ముచ్చటపడి పంపిస్తానంటే అదేం మాట?" అన్నాను. "డాబా నిండా పుస్తకాలు ఎండుతున్నాయి, కనపడటం లేదూ?" అన్నారు. నాకెట్లా కనపడతాయి, నేను పైకెక్కితే కదా. అదే అన్నాను. దాంతో ఆ రోజుకి మాటలు అయిపోయాయి.

నువ్వు మనసులో పెట్టుకోకు. మీ అన్నయ్య సంగతి నీకు కొత్తా? ఎవరేమిచ్చినా ముందు వద్దనడం ఆయన అలవాటు. పెళ్ళిలో మా నాన్న ఇచ్చిన గడియారం కూడా వద్దన్నారు, ఇప్పుడు దాన్ని దిండు కింద పెట్టుకుంటే గాని నిద్రపోరు.

కింది ఇంటి మాస్టారు నిన్ను అడిగారు. రిటైరయ్యాక ఆయనకి తోచడం లేదు, సాయంత్రాలు డాబా మీదికి వెళ్ళి మీ అన్నయ్య పనికి అడ్డం పడుతున్నారు.

నీ వదిన

*

మార్చి 30

వదినా,

దాని పని దాన్ని చూసుకోమన్నాడా? సరే. నా పని ఇదే. బోర్డులు వేయించడం, వేడిని ఆపడం.

అమ్మ పోయినప్పుడు నన్ను ఎత్తుకుని తెచ్చుకున్నారు మీరిద్దరూ. మీకంటూ పిల్లలు లేరు, నేను చెల్లెల్ననే మాటే గుర్తు రాకుండా పెంచారు. నా ఫీజులు కట్టడానికి అన్నయ్య వేలికి సూది గుచ్చుకుంటూ ఎన్ని పుస్తకాలు కుట్టాడో నాకు తెలుసు. అన్నీ నేనే పుచ్చుకోవాలి, నా చేతి నుంచి ఒక్కటి కూడా ఆయన పుచ్చుకోడు, అంతేనా? నేను పరాయిదాన్నైపోయానా? ఈ మాట చదివి వినిపించు, తలెత్తి వింటాడేమో చూడు.

లారీ ఈ శుక్రవారం బయల్దేరుతుంది. వద్దనుకుంటే వీధిలో పారేయండి.

పిచ్చుక

*

ఏప్రిల్ 12

పిచ్చుకా, కోపిష్టిదానా,

లారీ వచ్చింది. వీధంతా వచ్చి చూసింది. ఇంత పెద్ద బోర్డు వేలితో లేస్తుంటే మాస్టారు ముచ్చటపడి, ఆ చివర నుంచి ఈ చివరికి తనే మోశారు.

నీ ఉత్తరం ఆయనకి వినిపించాను. తలెత్తి విన్నారు. విని, చేతిలో కుంచె పక్కన పెట్టారు. తర్వాత, "నేనన్నదేమిటి, నువ్వు రాసిందేమిటే?" అని నా మీద పడ్డారు. ఇప్పుడెందుకు అంటే బళ్ళ పుస్తకాలు వెళ్ళిపోయాక చూద్దామని అర్థమట. దాని పని దాన్ని చూసుకోమను అంటే, నువ్వు మా గురించి బెంగపెట్టుకుని ఉద్యోగం పాడుచేసుకోవద్దనట. ఇన్ని అర్థాలు పొట్టలో పెట్టుకుని అయిదు మాటలు మాట్లాడే మనిషితో ఎట్లా వేగాలో నువ్వే చెప్పు. "అది పరాయిదా? దాన్ని భుజం మీద ఎక్కించుకుని బడికి తీసుకెళ్ళాను" అని, కళ్ళు తుడుచుకుని, జిగురు పడిందన్నారు.

మేస్త్రీ కుదిరాడు. పుస్తకాలు బళ్ళకి వెళ్ళిపోయాయి, వచ్చే వారం పని మొదలు. ఒక్కటే పేచీ. రేకుల గది నేల మాత్రం అట్లాగే వదిలేయమంటున్నారు మీ అన్నయ్య. పుస్తకం వీపు సుత్తితో గుండ్రం చేసేటప్పుడు కింద గట్టి నేల ఉండాలట. మేస్త్రీ నిన్ను అడిగి చెప్పమన్నాడు. వెంటనే రాయి.

నీ వదిన

*

ఏప్రిల్ 17

వదినా,

వదలొద్దు. ఒక్క అడుగు కూడా వదలొద్దు. రేకుల గది నీ వంటింటికి సరిగ్గా పైన ఉంది, అక్కడ వదిలితే వేడంతా ఆ కన్నంలోంచి దిగుతుంది. చేసిన పనంతా దండగ. సుత్తి కోసం ఒక బండరాయి తెచ్చి బల్ల పక్కన వేసుకోమను. ఈ విషయంలో అన్నయ్య మాట చెల్లదు, మేస్త్రీకి నేను చెప్పానని చెప్పు.

నన్ను క్షమించమని కూడా చెప్పు. భుజం మాట చదివి బస్తాల మధ్య కూర్చుని ఏడ్చాను. ఇక్కడి చలికి కన్నీళ్ళు బుగ్గ మీదే చల్లారిపోతాయి.

పిచ్చుక

*

మే 8

పిచ్చుకా,

నువ్వు చల్లగా ఉండాలి. మమ్మల్ని చల్లబరిచావు.

పని అయిపోయింది. మేస్త్రీతో పాటు మీ అన్నయ్య కూడా వంగి బోర్డులు పరిచారు. ఒక వరసలో అతుకు ఎక్కడ వచ్చిందో రెండో వరసలో అక్కడ రాకుండా చూడాలట, అదంతా పుస్తకం కుట్టడం లాంటిదేనట. చెప్తూ చెప్తూ మేస్త్రీని విసిగించారు. చివరికి తెల్లరంగు కూడా ఆయనే వేశారు, ఎండలో కళ్ళు చిట్లించుకుంటూ.

ఇంట్లో ఏమైందంటావా? మొదటి రోజు నాకు నమ్మకం కుదరలేదు. పట్టపగలు పడకగదిలోకి వెళ్ళి మంచం మీద చేయి వేశాను. చల్లగా ఉంది. ఒక్క నిమిషం అని నడుం వాల్చాను. లేచేసరికి పొద్దు వాలిపోయింది! పగటినిద్ర ఎట్లా ఉంటుందో మరిచిపోయాను పిచ్చుకా. కూలరు కట్టేసి వారం దాటింది. మీటరు చక్రం ఎద్దుబండిలా నడుస్తోంది.

ఇంత సుఖంలో ఒక కష్టం రాస్తాను, నవ్వకు. మీ అన్నయ్య నా మీద అలిగారు. కారణం తెలియదు. భోజనానికి గడియారం చూసుకుని ఆయనే దిగుతున్నారు, కొట్టే పని లేదు. నిద్ర లేచి టీ పెట్టి రెండు కొడతాను, రారు. మళ్ళీ కొడతాను, పై నుంచి జవాబు లేదు. టీ చల్లారిపోతుంది. చీకటి పడే వేళకి దిగి వచ్చి నా మొహం చూసి, "నిద్ర బాగా పట్టిందా?" అంటారు. వెటకారం కాకపోతే ఏమిటది? ఇదివరకు ఊరికే ఒక దెబ్బ కొట్టేవారా, అదీ మానేశారు. ఇంకో సంగతి విను. వీధి చివర బడ్డీకొట్టులో మాస్టారితో కలిసి టీ తాగుతున్నారట! పాలావిడ చెప్పింది. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఈయన బయట టీ తాగిన పాపాన పోలేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

రేకుల గది నేల వదలనివ్వలేదని ఇంకా మనసులో ఉందనుకుంటాను. నేను పగలు నిద్రపోతున్నానని కూడా కోపమేమో. అడిగితే ఏమీ లేదంటారు. నువ్వు ఒక మాట రాయి, నీ మాటైతే వింటారు.

నీ వదిన

*

మే 15

వదినా,

హమ్మయ్య! పడకగది మాట రెండుసార్లు చదువుకున్నాను. నా ఉద్యోగం ఇన్నాళ్ళకి ఒక మనిషికి పనికొచ్చింది. వానలు వచ్చేలోగా సెలవు పెట్టుకుని వస్తాను, ఆ మంచం మీద నీ పక్కన పగలంతా పడుకుంటాను.

ఇక అన్నయ్య సంగతి. నీ చేతి టీ వద్దని బడ్డీకొట్టు టీ తాగుతాడా? ఎంత పొగరు! ఒక బండరాయి వేసుకోవడానికి ఇంత అలకా? నువ్వు బతిమాలుతున్న కొద్దీ ఆయన బిగుసుకుంటాడు, చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. నా మాట విని కొన్నాళ్ళు నువ్వు కూడా కొట్టకు. బూజుకర్ర మూల పెట్టేసి హాయిగా పడుకో. ఎవరు ముందు దిగివస్తారో చూద్దాం. నేను వచ్చాక ఇద్దరికీ కలిపి తీర్పు చెప్తాను.

ఇక్కడ కొత్తగది మొదలైంది. పని ఎక్కువగా ఉంది, అందుకే ఇంత పొట్టి ఉత్తరం.

పిచ్చుక

*

జూన్ 25

పిచ్చుకా,

నువ్వు వెళ్ళాక ఇల్లు సర్దుకున్నాను. సర్దడానికి ఏముంది, ఒక కంచం లోపల పెట్టాను. ఆయన చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి, అవి తీయలేదు.

నువ్వున్నన్ని రోజులూ నీ ఎదుట ఒక మాట అనలేకపోయాను. నువ్వే తలుపు పట్టుకుని ఏడుస్తున్నావు, నీ మీద ఇంకో బరువు ఎందుకని. కాగితం మీదైతే అనగలననిపిస్తోంది.

ఆయన నా మీద కోపంతోనే పోయారు.

ఆ మధ్యాహ్నం నేను నిద్రపోయాను. చల్లటి గదిలో, ఒళ్ళు తెలియని నిద్ర. పైన ఆయనకి గుండె పట్టేసింది. డాక్టరు చెప్పిన దాన్ని బట్టి కొంతసేపు తెలివిలోనే ఉండి ఉంటారట. చేతి దగ్గర సుత్తి ఉంది. ఒక్క దెబ్బ, పిచ్చుకా, ఒక్కటంటే ఒక్క దెబ్బ కొట్టి ఉంటే, మోకాళ్ళు విరిగినా ఆ మెట్లు పాకి ఎక్కేదాన్ని కదా? నా మోకాళ్ళ సంగతి తెలుసు కనక కొట్టలేదేమోనని ఒక పూట సర్దిచెప్పుకుంటాను. ఇంకో పూట కుదరదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు కూడా నన్ను పిలవాలనిపించనంత కోపమా? నేను చేసిన తప్పేమిటి, నిద్రపోవడమా? మాస్టారు ఆరేసిన బట్టల కోసం పైకెళ్ళకపోతే దీపాలు పెట్టే వేళ దాకా నాకు తెలిసేదే కాదు.

నువ్వు కొట్టొద్దన్నావని నేను కూడా కొన్నాళ్ళుగా కొట్టలేదు. నిన్ననడం లేదు. బూజుకర్ర మూల పెట్టింది నా చెయ్యే.

నిన్న మేస్త్రీ వచ్చి పలకరించి పైకెళ్ళి చూసి వచ్చాడు. డాబా మీద ఒకచోట పెచ్చు లేచిందట, వానలు పట్టుకోక ముందే పూడ్చాలట, లేకపోతే నీళ్ళు బోర్డుల్లోకి దిగుతాయట. కొత్త పని అప్పుడే ఎందుకు లేచిందని అడిగితే గబగబా చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. నువ్వు పైకి వెళ్ళావుగా, నీకేమైనా కనిపించిందా?

నీ వదిన

*

జూలై 3

వదినా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులు కాలేదు, కానీ ఈ జవాబు మొదలుపెట్టి చించేయడం ఇది ఎన్నోసారో. నిజం చెప్తే నిన్ను చంపినట్టు, చెప్పకపోతే అన్నయ్యని దోషిని చేసినట్టు. రెండూ చేతకాక, అక్కడున్నన్ని రోజులూ నీ పక్కన పడుకుని కప్పు చూస్తూ గడిపాను. ఇప్పుడు నువ్వే అడిగావు.

రేకుల గది తలుపు వేసి రావడానికి పైకెళ్ళినప్పుడు చూశాను. గదిలో స్టూలు పడిపోయి ఉంది. సగం కుట్టిన పుస్తకం బల్ల మీదే ఉంది. సుత్తి మాత్రం గదిలో లేదు. డాబా మీద ఎదర మూల పడి ఉంది. మాస్టారికి అన్నయ్య కనపడింది కూడా అక్కడేనట, గదిలో కాదు. నీకు ఎవరమూ చెప్పలేదు. అక్కడ తెల్లరంగు లేచిపోయి, కాంక్రీటు నలిగి, పెచ్చులు ఊడి ఉన్నాయి. అన్నీ ఒకేచోట. అది సుత్తి దెబ్బ, వదినా. ఒకటి కాదు.

అన్నయ్య నిన్ను పిలిచాడు. పిలుస్తూనే ఉన్నాడు.

అది ఏ చోటో తెలుసా? వంటింటి మీద కాదు. కిందికి వచ్చి గోడల నుంచి కొలుచుకున్నాను, మళ్ళీ పైకెళ్ళి చూసుకున్నాను. నీ మంచానికి పైన, దిండు ఉండే వైపు. నువ్వు ఆ వేళ ఎక్కడ పడుకుంటావో ఆయనకి తెలుసు. మెట్లు ఆ చివర ఉన్నాయి, అంతదూరం వెళ్ళలేననుకుని ఉంటాడు. గదిలోంచి అక్కడిదాకా ఎట్లా వచ్చాడో నేను ఆలోచించలేను.

ఆయన నీ మీద అలగలేదు. మాస్టారు నాతో చెప్పారు. "ఆవిడ ఇన్నేళ్ళకి పగలు కునుకు తీస్తోందండీ. ఉన్నావా అని కొట్టి చూస్తాను, పలకదు. టీ పిలుపు రాదు. పడుకోనీ పాపం, లేపడమెందుకు" అని అన్నయ్య మాస్టారిని వెంటపెట్టుకుని బడ్డీకొట్టుకి వెళ్ళేవాడట. నువ్వు కొడుతున్నావు, ఆయన కొడుతున్నాడు. ఇద్దరిదీ ఇద్దరికీ వినపడలేదు. నిద్ర బాగా పట్టిందా అన్నది వెటకారం కాదు వదినా, సంతోషం.

వినపడనివ్వనిది ఆ బోర్డులు. పంపింది నేను. బస్తాలాయన తలుపు బాదితే వినిపించలేదని నీకు రాసిన ఈ చేత్తోనే, రేకుల గది నేల ఒక్క అడుగు వదలొద్దని రాశాను. అన్నయ్య సుత్తి కోసమే అడిగాడో, నీ కర్ర చప్పుడు కోసం అడిగాడో. ఆయన అర్థాలు ఆయన పొట్టలోనే ఉండిపోయాయి. అన్నయ్య టీకి రావడం లేదని నువ్వు రాసినప్పుడైనా నాకు తట్టాలి. రోజూ ఆ బోర్డుల మధ్య తిరిగే మనిషిని. తట్టలేదు. కొట్టొద్దని కూడా నేనే చెప్పాను.

నువ్వు నాకు ఉత్తరం రాయకపోయినా తప్పుపట్టను. కానీ రెండు పనులు చేయించుకో. వానలు పట్టుకోక ముందే ఆ చోటు పూడ్పించు. ఇక్కడి నుంచి ఒక గంట పంపిస్తాను, మీట నీ మంచం పక్కన, గంట మాస్టారి ఇంట్లో. అంత నిశ్శబ్దంలో నువ్వు ఒంటరిగా ఉండటం నాకు భయంగా ఉంది.

నీ పిచ్చుక

*

జూలై 16

పిచ్చుకా,

నీ మీద కోపం వచ్చింది. రాలేదంటే అబద్ధం. నీ ఉత్తరం మడిచి పెట్టేసి, దానికి జవాబు రాయకూడదనుకున్నాను. నీ బోర్డులన్నీ పెళ్ళగించి వీధిలో పారేయిద్దామనుకున్నాను. వీధిలో పారేయండని నువ్వే రాశావుగా. ఆ మాట గుర్తొచ్చి, నువ్వు ఎంత అలిగి రాశావో గుర్తొచ్చి, ఏడుపొచ్చింది. తర్వాత కోపం నిలవలేదు. ఆయన చేత్తో పరిచిన బోర్డులు అవి, ఎట్లా తీయిస్తాను?

మేస్త్రీనీ మాస్టారినీ పిలిచి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి పైకి మోయించుకున్నాను. ఆ మెట్ల మలుపులో నన్ను ఎక్కడ పడేస్తారో అని మాస్టారి కంటే నేనే ఎక్కువ ఆయాసపడ్డాను. నువ్వు చెప్పిన చోటు చూశాను. చేయి పెట్టాను. గుంటలో నా బొటనవేలు పడుతుంది. ఆయన ఎప్పుడూ గట్టిగా కొట్టే మనిషి కాదు. కాగితం నలుగుతుందని సుత్తికి కూడా గుడ్డ చుట్టేవారు.

చాలాసేపు కూర్చున్నాను. గుండె నొప్పిగా ఉందనడానికి మాకు దెబ్బ లేదు పిచ్చుకా. టీ ఉంది, భోజనం ఉంది, విన్నాను ఉంది. ఎప్పుడూ అవసరం రాలేదు. కాబట్టి ఆయన కొట్టింది ఉన్నావా అనే. అదే అనుకుంటున్నాను.

కిందికి దిగాక ఒక పిచ్చిపని చేశాను. పూడ్చే ముందు మేస్త్రీ చేతికి సుత్తి ఇచ్చి, ఆ గుంటలోనే కొట్టమన్నాను. నేను మంచం మీద, నా దిండు మీదే పడుకున్నాను. కళ్ళు తెరుచుకునే ఉన్నాను. మాస్టారు మెట్ల దగ్గర నిలబడి, "కొడుతున్నాడమ్మా" అని అరిచారు. నేను ఊపిరి కూడా బిగబట్టి విన్నాను. వీధిలో బండి వెళ్ళడం వినిపించింది. పక్కింట్లో పంపు వినిపించింది. పై నుంచి ఏమీ లేదు. "వినపడిందా అమ్మా?" అన్నారు మాస్టారు. వినపడిందన్నాను. లేకపోతే ఆ మేస్త్రీ సాయంత్రం దాకా కొడుతూనే ఉండేవాడు.

నేను మెలకువగా ఉన్నా వినపడేది కాదన్నమాట. నిద్ర తప్పు కాదు. ఇది నీకు రాయాలనే ఈ ఉత్తరం. తీర్పు చెప్తానన్నావుగా, నీ బదులు నేనే చెప్తున్నాను. నువ్వు నాకు చల్లదనం ఇవ్వాలనుకున్నావు. ఆయన నన్ను నిద్రపోనివ్వాలనుకున్నారు. నేను ఆయనకి వేడి టీ ఇవ్వాలనుకున్నాను. ముగ్గురిలో ఎవర్ని పట్టుకుని కొట్టను? నాకు తెలియడం లేదు. నిన్ను కొట్టలేను, అది మాత్రం తెలుసు. నిజం రాయకుండా ఉండి ఉంటే జన్మంతా ఆయన్ని తిట్టుకుంటూ బతికేదాన్ని.

మేస్త్రీ గుంట పూడ్చి తెల్లరంగు వేసి వెళ్ళాడు. నిన్న పెద్ద వాన పడింది, చుక్క దిగలేదు. గంట పంపించు, పెట్టించుకుంటాను. సెలవు దొరికితే నువ్వు కూడా రా.

మధ్యాహ్నాలు గది చల్లగానే ఉంటోంది. వద్దనుకున్నా నిద్ర పట్టేస్తోంది. అదే నాకు కష్టంగా ఉంది.

మేస్త్రీ వెళ్ళిపోయాక మూలనున్న బూజుకర్ర తీసుకుని పడకగదిలోకి వెళ్ళాను. దిండుకి పైన, కప్పు మీద ఒక్కసారి కొట్టాను. ఉన్నానని. గట్టిగానే కొట్టినట్టున్నాను, సున్నం రాలి దిండు మీద పడింది. ఇప్పుడు అక్కడా ఒక మచ్చ ఉంది. చెరపనివ్వను.

నీ వదిన